పెట్రోలు యాడికి పోతాండాది

హిందూపురం,
2004 ఫిబ్రవరి

దాదాపీరన్నా,

నేను క్షేమంగా లేను. అందుకే నీ క్షేమం అడగడం రెండో వాక్యానికి జరిగింది. నువ్వూ ఖాదర్‌బీ వదినా బాగున్నారనే అనుకుంటాను. ఇక్కడ మండీలో ఫోనుంది, నీ షెడ్డు పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది, కానీ ఏం లాభం? ఇన్నేళ్ళు లారీ ఇంజన్ల పక్కన నిలబడి నీ రెండు చెవులూ వాటికే ధారపోశావు. కాబట్టి రాయక తప్పదు.

అన్నా, నన్ను పెట్రోలు దొంగ అంటున్నారు.

ధర్మవరంలో నీ దగ్గర పని నేర్చుకున్నాక నేను వచ్చి చేరింది ఈ ఆదెప్ప సావుకారు దగ్గరే కదా. ఆయనకు చింతపండు మండీ ఉంది. పరిగికీ పెనుకొండకూ తిరగడానికి ఒక కారుంది. బెంగళూరులో ఎవరో బాగా వాడి వదిలేస్తే కొన్నాడు. ఆ మోడలు చెయ్యడమే మానేశారు. అయినా నా చేతిలో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేది. దసరా పోయినాక పదికి దిగింది, తర్వాత తొమ్మిది, ఇప్పుడు ఏడు.

మొదట సావుకారు నవ్వుతూనే అడిగాడు. "ఏమప్పా విజయా, కారు తాగుతాండాదా, నువ్వు తాగుతాండావా?" నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. పోయిన వారం ట్యాంకు మూతకు తాళం వేయించి, చెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. పెట్రోలు పోస్తున్నంతసేపూ బంకులో ఆయనే నిలబడతాడు. అయినా ఏడే వచ్చింది. ఇప్పుడేమంటాడంటే, "కింద పైపు పీకి తీస్తాండావు" అంటాడు.

కారును నీ దగ్గరికి తెస్తానంటే ఒప్పుకోడు. బెంగళూరు మెకానిక్ ఒకాయన చూసి ఇంజన్ భేషుగ్గా ఉందన్నాడట. మానేసి పోదామంటే, పోయినవాడే దొంగ అంటారు. స్టాండులో డ్రైవర్లందరికీ అప్పుడే తెలిసిపోయింది. ఆ పేరుతో పోతే ఈ తాలూకాలో నాకు తాళం చెవి ఎవరిస్తారు? మేం మొగుడూ పెళ్ళాలం ఉండేదీ సావుకారు కాంపౌండులోని గదిలోనే. మా రాణి పని చేసేదీ వాళ్ళింటి వంటగదిలోనే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఆ పెట్రోలు ఎక్కడికి పోతోందో నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు,
విజయ్ కుమార్


ధర్మవరం

విజయా,

మొదట ఒక మాట. తీశావా? తీసి ఉంటే నాకు చెప్పు, నాలుగు తిట్టి ఊరుకుంటాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళను నా షెడ్డులో చాలామందిని చూశాను. నువ్వు ఆ రకం కాదని తెలుసు. అయినా అడగకుండా బానెట్ తెరవడం నాకు అలవాటు లేదు. ఏ బండికైనా ముందు డ్రైవరును అడుగుతాను, తర్వాతే ఇంజన్ను.

ఇక చూడవలసినవి. కారును ఒక పూట పాత గోనెసంచుల మీద నిలబెట్టు. చుక్క కారితే సంచి చెబుతుంది. బ్రేకులు పట్టేస్తున్నాయేమో, కొంతదూరం తోలి దిగి చక్రాల మీద చెయ్యి పెట్టి చూడు, కాలితే పట్టేస్తున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ దులుపు. చివరగా ప్లగ్గులు విప్పి వాటి మొహాలు ఎలా ఉన్నాయో రాయి. తెల్లగానా, ఇటుక రంగా, మసి పట్టాయా? మనిషి నాలుక చూసి జబ్బు చెప్పినట్టు ప్లగ్గు చూసి నేను చెబుతాను.

ఖాదర్‌బీ నిన్ను తిడుతోంది, రాణిని పండక్కి కూడా తీసుకురాలేదని. నాకు వినపడలేదు కానీ పెదవులు చూస్తే తెలిసింది.

దాదాపీర్


హిందూపురం,
మార్చి

అన్నా,

తియ్యలేదు. నువ్వు అడగడమే నాకు కష్టమనిపించింది. జవాబు రాయకూడదనుకుని రెండు రోజులు బిగుసుకుని కూర్చున్నాను. తర్వాత నాకు రాయడానికి ఇంకెవరూ లేరని గుర్తొచ్చింది.

గోనెసంచి పొడిగానే ఉంది. చక్రాలు చల్లగానే ఉన్నాయి. ఫిల్టర్ దులిపితే దుమ్ము వచ్చింది కానీ మైలేజీ రాలేదు. ప్లగ్గులు మాత్రం నాలుగూ మసిబొగ్గులా ఉన్నాయి. తుడిచి పెట్టి పెనుకొండ పోయి వస్తే మళ్ళీ అంతే. సైలెన్సర్ మూతిలో వేలు పెడితే కాటుక డబ్బీలో పెట్టినట్టుంది. ఇంజన్ ఆడుతుంటే వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

ఆ వాసన సావుకారుకు కూడా తగిలింది. "నీ చొక్కా నుంచే వస్తాండాది" అన్నాడు.

ఇప్పుడు కారులో ఆయన వెనక సీట్లో కూర్చోవడం మానేశాడు. నా పక్కనే కూర్చుని పెట్రోలు ముల్లు వైపే చూస్తున్నాడు. నేను గేరు మార్చినా చూస్తాడు, దగ్గినా చూస్తాడు. అద్దాలన్నీ ఎత్తించి, ఏసీ వద్దంటాడు. పరిగి పోయి వచ్చేసరికి నాకు ఊపిరాడడం లేదు. సరస్వతమ్మ, అంటే సావుకారు భార్య, మంచిదే. ఆమె కూడా ఇప్పుడు నాకు మజ్జిగ ఇచ్చేటప్పుడు మొహం చూడటం లేదు.

విజయ్


ధర్మవరం,
మార్చి

విజయా,

నీ జాబు చదివి నా మీద నాకే కోపమొచ్చింది. నేను కార్బురేటర్ కాలంవాణ్ణి. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి పళ్ళ మధ్య పెట్టుకుంటే ఈ రోజుకీ లోపల ఏది కొట్టుకుంటోందో చెబుతాను. కానీ నీ కారులో కార్బురేటరే లేదు. పెట్రోలు ఎంత పోయాలో ఒక కంప్యూటరు డబ్బా నిర్ణయిస్తుంది. దాని సంగతి నాకు తెలియదు. తెలియదని ముందే రాయక, గోనెసంచులూ చక్రాలూ అని కథలు చెప్పాను.

అందుకని బెంగళూరు పోయి, అలాంటి కార్లే చూసే పాత స్నేహితుణ్ణి కలిశాను. నేను కాగితం మీద అడిగితే అతను కాగితం మీద చెప్పాడు. విను.

ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే ఇనుప గొట్టానికి ఒక ముక్కు ఉంటుంది. దాని పేరు ఆక్సిజన్ సెన్సారు. పొగలో గాలి ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటరుకు చెప్పడం దాని పని. గాలి ఎక్కువుందంటే కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, తక్కువుందంటే తగ్గిస్తుంది. ముసలిదైతే ఆ ముక్కు చచ్చిపోతుంది. ఎప్పుడూ "గాలి ఎక్కువ, గాలి ఎక్కువ" అనే చెబుతుంటుంది. పాపం కంప్యూటరు నమ్మి పోస్తూనే ఉంటుంది. నీ ప్లగ్గుల మసి అదే అనుకుంటాను.

అనుకోవడం వేరు, తేల్చడం వేరు. రేడియేటర్ వెనక, గొట్టం మీద స్పార్క్ ప్లగ్గు లాంటిది, తోకకు వైరున్నది వెతుకు. మీటరు ఒకటి బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. అంకెలు కనిపించే మీటరు ఇది, ముల్లు మీటరు వాడొద్దు. ఇంజన్ బాగా వేడెక్కాక నల్ల వైరు ఇంజన్ బాడీకి, ఎర్ర వైరు సూదితో ఆ సెన్సారు వైరుకు తగిలించు. బతికున్న ముక్కైతే అంకెలు సున్నా పాయింట్ ఒకటికీ తొమ్మిదికీ మధ్య ఆడుతుంటాయి. చచ్చినదైతే ఒకచోటే కూర్చుంటాయి. కింద కూర్చుంటే, సిరంజితో నాలుగు చుక్కల పెట్రోలు గాలి పీల్చే గొట్టంలో వెయ్. బతికున్నదైతే అంకె ఎగరాలి. ఎగరకపోతే దానికి ఫాతిహా చదివెయ్యొచ్చు.

ఇంకోటి. అలాంటప్పుడు డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మతో పసుపు దీపం వెలగాలట. నీకు వెలగలేదా?

దాదాపీర్


హిందూపురం,
ఏప్రిల్

అన్నా,

ముక్కు దొరికింది. చచ్చిపోయిందని కూడా తేలింది. కానీ నా చావు కూడా దానితోనే వచ్చింది. ఎలాగో చెబుతాను.

దీపం ఎందుకు వెలగలేదో మొదట తెలిసింది. డాష్‌బోర్డు విప్పితే ఆ బొమ్మ వెనక బల్బే లేదు. అడిగితే సావుకారే చెప్పాడు. ఆ దీపం ఊరికే వెలుగుతుంటే అపశకునంగా ఉందని ఆయనే కొన్నప్పుడే బెంగళూరులో తీయించేశాడట! ఇల్లు కాలుతోందని అరిచేవాడి నోట్లో గుడ్డ కుక్కినట్టుంది.

సావుకారు భోంచేసి పడుకునే వేళ చూసి నేను పనిలో దిగాను. నువ్వు చెప్పిన చోటే ఉంది, వేడికి గొట్టం రంగుకే తిరిగి, వెతికితేగాని కనపడకుండా. మీటరు తగిలించాను. సున్నా పాయింట్ ఒకటి దగ్గర కూర్చుంది. ఇంజన్ రేజు చేశాను, కదల్లేదు. ఇక పెట్రోలు చుక్కలు వెయ్యాలి. ట్యాంకుకు తాళం కదా, అందుకని బంకులో సీసాకు పోయించుకుని వచ్చాను. సిరంజితో చుక్కలు వేశాను. ఇంజన్ గొంతు మారింది. మీటరు మాత్రం కదల్లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను అన్నా. లేచి గంతేద్దామనుకుని తిరిగి చూస్తే వెనక సావుకారు నిలబడి ఉన్నాడు.

నా ఒక చేతిలో సీసా. ఇంకో చేతిలో సిరంజి. తాటిచెట్టు కింద పాలు తాగినవాడి గతి నీకు వేరే చెప్పాలా.

"సూదితో పీకుతాండావా? తాళమేసినా సూదితో పీకుతాండావా?" అని అరిచాడు. పెట్రోలు తియ్యడం లేదు, పోస్తున్నానని చెప్పాను. కారు ముక్కు చచ్చిపోయిందని చెప్పాను. "కారుకు ముక్కేందిరా!" అన్నాడు. మండీ హమాలీలందరూ వచ్చి చూశారు.

పెనుకొండ దారిలో చౌడమ్మ గుడి నీకు తెలుసు. అక్కడ కర్పూరం ఆర్పమంటున్నాడు. బండమీద కర్పూరం వెలిగించి, చెప్పవలసింది చెప్పి, అరచేత్తో అదిమి ఆర్పాలి. అబద్ధమాడితే వాడి ఇంటి దీపం అలాగే ఆరిపోతుందని నమ్మకం. అమావాస్య తర్వాత వచ్చే మంగళవారమట. ఆర్పడానికి నాకు భయం లేదు. నేను తియ్యలేదు. కానీ ఆ గుడిదాకా పోయినవాణ్ణి, ఆర్పినా జనం పూర్తిగా నమ్మరు. "ఫలానావాడు కర్పూరం దాకా పోయినాడంట" అనే మాట జన్మంతా వెంట వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ సాయంత్రం రాణి గది తలుపు దగ్గరగా వేసి, "నాకన్నా నిజం చెప్పు. తీసింటే తీసినానను. నేనేమీ అనను" అంది. నేను తియ్యలేదన్నాను. "సరేలే" అంది. ఆ "సరేలే" నన్ను చంపేసింది అన్నా. తిట్టినా బాగుండేది.

ఎలాగైనా ఒక మంచి ముక్కు పంపు.

విజయ్


ధర్మవరం,
ఏప్రిల్

విజయా,

నిన్న బెంగళూరులో తుక్కు కార్లు విప్పేచోట నీ మోడలుది దొరికింది. విప్పకముందే ఇంజన్ ఆడించి, నా దగ్గరున్న ఇంకో మీటరుతో చూశాను, అంకెలు బాగా ఆడాయి. బస్సు కదులుతుంటే పరుగెత్తి కండక్టరు చేతికిచ్చాను. రాసే వ్యవధి లేకపోయింది, అందుకే ఈ జాబు పోస్టులో.

జాగ్రత్తగా చదువు. దాన్ని నువ్వొక్కడివే బిగించొద్దు. సావుకారును కుర్చీ వేసి కూర్చోబెట్టు. పాతదాని అంకె చూపించు, కొత్తదాని అంకె చూపించు, ఆయన కళ్ళముందే బిగించు. ఆయన ఒప్పుకోకపోతే సరస్వతమ్మనైనా పిలువు. ఎవరూ రాకపోతే ముక్కు జేబులోనే పెట్టుకుని కూర్చో. కారు బాగుపడటం మనకు ముఖ్యం కాదు. ఎందుకు పాడైందో వాళ్ళు చూడటం ముఖ్యం.

దాదాపీర్


హిందూపురం,
మే

అన్నా,

నీ జాబు అందింది. ముక్కు అందిన నాలుగో రోజుకు అందింది. అప్పటికే బిగించేశాను. ముందే అంది ఉంటే ఆగేవాణ్ణా అంటే, అబద్ధం ఎందుకు, ఆగేవాణ్ణి కాదేమో. మంగళవారం ముంచుకొస్తోంది. మైలేజీ పెరిగితే ఆయనే చూసి, "అయ్యో, కారుదే తప్పు" అంటాడనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

బిగించాక కారు మళ్ళీ మునుపటిలా అయిపోయింది. ప్లగ్గులు ఇటుక రంగుకు వచ్చాయి. లీటరుకు పన్నెండు వచ్చింది. రెండుసార్లు ట్యాంకు నింపించి లెక్క చూసుకుని, సావుకారు నన్ను మండీలో అందరిముందూ పిలిచాడు.

"చూసినారా? చౌడమ్మ పేరు ఎత్తినానో లేదో, పెట్రోలు ఎట్ల మిగుల్తాండాదో!" అన్నాడు. అందరూ నవ్వారు. కోపంగా కాదు అన్నా, ప్రేమగా నవ్వారు. ముక్కు మార్చానని చెప్పాను. జేబులోంచి పాతది తీసి చూపించాను. "ఉండనీలేప్పా, ఏదో ఒకటి చెప్పుకోవల్ల గదా" అని భుజం తట్టాడు. "మనిషన్నాక తప్పు చేస్తాడు. నేను మనసులో పెట్టుకోను. గుడికి పోయే పనిలేదు. మన్నించేసినా, పో."

అదీ సంగతి. కర్పూరం రద్దయింది. నాకు కొత్త చొక్కా గుడ్డ కూడా ఇచ్చారు. సరస్వతమ్మ మళ్ళీ మొహం చూసి మజ్జిగ ఇస్తోంది. స్టాండులో డ్రైవర్లు "మీ సావుకారు దేవుడురా, ఇంకొకడైతే పోలీసులకిచ్చుండు" అంటున్నారు. తప్పు నాది కాదని చెప్పబోతే, "అయిపోయిందిలే" అని బీడీ ఇస్తున్నారు.

దొంగ అన్నప్పుడు కనీసం కాదని అరిచే హక్కుండేది. ఇప్పుడు అదీ లేదు. రాణి కూడా సంతోషంగా ఉంది. "ఎట్లో సర్దుకుండాది, ఇంక ఊరుకో" అంటోంది. అంటే ఆమె లెక్కలో కూడా నేను మానేసిన దొంగనే. పక్కనే పడుకుని ఉంటుంది అన్నా, నేనెవరితో కాపురం చేస్తున్నానో ఆమెకు తెలియదు.

ఇప్పుడు నేనే ఆ గుడికి పోయి ఆర్పుతానంటే ఎవరూ రావడం లేదు.

విజయ్


ధర్మవరం,
మే

విజయా,

నీ జాబు చదివి చేతిలో స్పానరు విసిరేశాను. అది పోయి ఖాదర్‌బీ నీళ్ళబిందెకు సొట్ట పెట్టింది. ఇక్కడ నాకూ మన్నింపు దొరకలేదు.

నువ్వు జబ్బును దాచిపెట్టి మందు వేశావు. ఇప్పుడు జబ్బే లేదంటున్నారు. ఉపాయం ఒకటే కనిపిస్తోంది. పాత ముక్కు పారెయ్యలేదు కదా? దాన్ని మళ్ళీ బిగించు. తాళం చెవి ఇచ్చేసి వచ్చెయ్. నువ్వు లేని కారు కూడా ఏడే ఇస్తే, దొంగ ఎవరో కారే చెబుతుంది.

కానీ చాటుగా బిగించావో, నిజంగానే దొంగవైపోతావు. ఆ ఇంట్లో ఎవరో ఒకరి ముందు చెయ్. మనిషికి హాని లేదు, కొంతకాలం ఎక్కువ తాగుతుంది, మరీ నెలల తరబడి వదిలేస్తేనే సైలెన్సర్‌కు చేటు. ఉద్యోగం పోతుంది, గది పోతుంది. రాణిని అడిగి చెయ్యి.

దాదాపీర్


పెనుకొండ,
జూన్

అన్నా,

చేసేశాను. ఇప్పుడు పెనుకొండలో మా అత్తగారింట్లో ఉన్నాం.

సావుకారు ఊళ్ళో లేనిరోజు సరస్వతమ్మను కారు దగ్గరికి రమ్మన్నాను. రాణి కూడా ఆమె వెనక వచ్చి నిలబడింది, మీటరు వైపు మాత్రం చూడలేదు. అంకెలు ఆడటం చూపించాను. ఇంజన్ చల్లారాక పాతది బిగించి, అంకె చచ్చిపోవడం చూపించాను. సరస్వతమ్మ చాలాసేపు చూసి, "ఇది పెడితే కారు చెడిపోతాదా?" అంది. ఎక్కువ తాగుతుంది, అంతే అన్నాను. "ఆయప్ప ఎవురు చెప్పినా ఇనేరకం కాదు. కారు చెప్తేనన్నా ఇంటాడేమో చూద్దాం. పెట్టప్పా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేను చూసినానని మాత్రం చెప్పొద్దు" అంది.

మంచి ముక్కు నా పెట్టెలో భద్రంగా ఉంది. రాణి గిన్నెలు మూటకట్టింది, బస్సెక్కింది, అంతే. నమ్మిందా లేదా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సావుకారే స్వయంగా తోలుకుంటాడని నా లెక్క. ఆయనకు తోలడం వచ్చు. కానీ మరుసటి రోజే హనుమప్పను పెట్టుకున్నాడట. లారీ హనుమప్ప, నీకు తెలుసు. అయితే ఏం, ఎవరు తోలినా ఏడే వస్తుంది కదా.

విజయ్


ధర్మవరం,
జూన్

విజయా,

హనుమప్పా? నీకు బుద్ధుందా, నాకుందా?

అరవై దాటిన మనిషి. కళ్ళు మసకేశాయని లారీవాళ్ళు దించేశారు. ఆ స్టీరింగ్ పోతే ఇంకెవరూ ఇవ్వరు. మన సావుకారు సంగతి చూశాం కదా. కారు ఎక్కువ తాగితే కారును అనుమానించే మనిషి కాదు, మనిషినే అనుమానిస్తాడు. నీ మెడలో ఉరి తీసి ఆ ముసలాయన మెడలో వేశాం. ఆ ముడి ఎలా వెయ్యాలో చెప్పింది నేనే. నాకు సిగ్గుగా ఉంది.

నీ పేరు తర్వాత చూసుకుందాం. వెంటనే పో.

దాదాపీర్


పెనుకొండ,
జూలై

అన్నా,

నీ జాబు చదివి హిందూపురం పోయాను. మండీ వీధి మొదటిదాకా పోయి వెనక్కి వచ్చాను. ఏమని చెప్పాలి? నేనే కారు చెడగొట్టానని చెబితే దొంగ అనే పేరు పోయి ద్రోహి అనే పేరు వస్తుంది. సరస్వతమ్మ పేరు చెప్పకూడదు. ఇంకో వారం చూద్దాం, సావుకారుకే తెలిసొస్తుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 

తర్వాత సరస్వతమ్మ కండక్టరుతో కబురు పంపింది. మంగళవారం చౌడమ్మ గుడిలో హనుమప్ప కర్పూరం ఆర్పుతున్నాడు, రమ్మని.

మీటరు, మంచి ముక్కు, స్పానర్లు సంచిలో వేసుకున్నాను. రాణి తనూ వస్తానంది. మేము బస్సు దిగేసరికి గుడిముందు కారు ఆగి ఉంది. చుట్టూ జనం. హనుమప్ప తలకు నీళ్ళు పోసుకుని తడిపంచెతో బండముందు కూర్చుని ఉన్నాడు. పూజారి కర్పూరం వెలిగించేశాడు. ముసలాయన చెయ్యి ఎత్తాడు. ఈ వయసులో ఈ మాట పడ్డానే అన్నట్టు చుట్టూ చూశాడు. 

నేను అరిచాను. "ఆగు పెద్దాయనా! నువ్వు ఆర్పొద్దు. చెడిపోయిన సామాను కారులో పెట్టింది నేను. ఇప్పుడే చూపిస్తా, బానెట్ తెరవండి!"

సావుకారు నా మీదికొచ్చాడు. "అంటే కారు చెడగొట్టినావా? దొంగతనం చాలక ఇదొకటా?" జనం తలా ఒక మాట అన్నారు. నేను సంచిలో మీటరు కోసం వెతుక్కుంటున్నాను. వైర్లు చిక్కుపడి ఒకపట్టాన రావడం లేదు. అప్పుడు పూజారి గట్టిగా అన్నాడు. "మాటలు తర్వాత! వెలిగించిన కర్పూరం దాని పాటికది ఆరిపోగూడదు. ఎవరో ఒకరు నిజం చెప్పి ఆర్పల్ల. లేకుంటే అందరికీ కీడు."

హనుమప్ప నావైపు చూశాడు. నేను సంచి కింద పడేసి ముందుకు కదిలాను. నాకంటే ముందు రాణి పోయింది.

ఆమె బండముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నా మొగుడు పెట్రోలు తీయలేదు. ఈ పెద్దాయనా తీయలేదు. నేను చెప్పేది అబద్ధమైతే నా ఇల్లు ఇట్లే ఆరిపోనీ" అని, అరచెయ్యి ఆ మంటమీద పెట్టి అదిమింది. అది పూర్తిగా ఆరేదాకా తియ్యలేదు.

సావుకారు "నీకేం తెలుసునే?" అన్నాడు కానీ గొంతులో బలం లేదు. అప్పుడు సరస్వతమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. "నాకు తెలుసు. నా ఎదురుగ్గానే పెట్టినాడు. నేనే పెట్టమంటి. ఈ అబ్బోడు కారు బాగుచేసినా నువ్వు ఇనలేదు. బాగుచేసినందుకే దొంగన్నావు" అంది. మొగుడి ముందు ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూసినట్టు లేదు.

తర్వాత బానెట్ తెరిచాం. మీటరు హనుమప్ప చేతికే ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి, కిందికి దించి, "ఒకటి కాడ ఉండాది. ఒకటి కాడే ఉండాది" అని అందరికీ వినిపించేలా చదువుతూ పోయాడు. ఇంజన్ చల్లారేదాకా అందరూ గుడి అరుగు మీద కూర్చున్నారు, ఒక్కరూ పోలేదు. మంచి ముక్కు బిగించి, మళ్ళీ వేడెక్కించాను. "రెండు... ఏడు... మూడు... ఎనిమిది! ఆడతాండాదప్పోయ్!" అని ముసలాయన కేకేశాడు. అప్పుడు ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

సావుకారు వంగి ఆ అంకెలను చాలాసేపు చూశాడు. తర్వాత హనుమప్పతో, "రేపు పరిగికి పోవల్ల. తెల్లారకముందే రా" అన్నాడు. నావైపు మొహం మాత్రం ఎత్తలేదు. నేను మళ్ళీ పనికి పోను, ఆయన పిలిచినా పోను. స్టాండులో ఒక జీపాయన నిన్న తాళం చెవి ఇచ్చాడు. అది డీజిలు బండి, దానికి ఈ ముక్కు గొడవే లేదు.

అన్నా, అసలు నీకు రాయాలనుకున్నది ఇదంతా కాదు.

బస్సులో రాణి అరచెయ్యి కిటికీలోంచి గాలికి పెట్టుకుని కూర్చుంది. బొబ్బ లేచింది.  చివరికి, "అంత తొందరెందుకు పడితివి? నువ్వు జరిగుంటే నేనే ఆర్పుండేవాణ్ణి గదా. తర్వాత ఎట్లా మీటరే చెప్పేది" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది.

"మీటరు చెప్పినాంక నమ్మితే, అది మీటరును నమ్మినట్లు గదా" అంది.

నీ తమ్ముడు,
విజయ్ కుమార్